ఇంటి మాట అడగనిదే పైసా పంపొద్దు

అన్నలూ, తమ్ముళ్లూ, ఎపిసోడ్‌లో చెప్పిన నా సంగతే ఇక్కడ రాస్తున్నా.

ఆ రోజు దుబాయ్‌లో సైట్ మీద స్లాబ్ వేస్తున్నాం. నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. అదే టైమ్‌కి ఊళ్లో మా ఆవిడకి కొత్త నంబర్ నుంచి వాట్సాప్ మెసేజ్, పైన నా ఫొటో. "నన్ను పోలీసులు పట్టుకున్నారు. పాత ఫోన్ తీసుకున్నారు. అర్జెంటుగా 30 వేలు కొట్టు. అమ్మకు చెప్పకు." తను నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. భయపడి పంపేసింది. తప్పు తనది కాదు. ఎత్తకపోతే ఏం చేయాలో నేనే ఎప్పుడూ చెప్పలేదు.

ఫొటో ఎవరైనా పెట్టుకోవచ్చు. ఇప్పుడు గొంతు కూడా కంప్యూటర్‌తో తయారుచేస్తున్నారు. అందుకే మా ఇంట్లో మూడు పద్ధతులు పెట్టుకున్నాం.

ఒకటి, ఇంటి మాట. డబ్బు అడిగినవాళ్లు ఆ మాట చెప్పాలి. దాన్ని మెసేజ్‌లో ఎప్పుడూ రాయొద్దు.

రెండు, నేను ఎత్తకపోతే నా రూమ్‌మేట్‌కి చేయాలి. ఆ నంబర్ ఇంట్లో గోడ మీద రాసిపెట్టించా.

మూడు, వాట్సాప్ ఆరంకెల కోడ్ ఎవరికీ చెప్పొద్దు. చెబితే మన అకౌంట్ వాళ్ల చేతికి పోతుంది, మన సొంత నంబర్ నుంచే మనవాళ్లని డబ్బు అడుగుతారు. సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ కూడా పెట్టుకోండి.

డబ్బు పోతే ఊళ్లోవాళ్లు వెంటనే 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకి చెప్పాలి. మేం సిగ్గుపడి రెండు రోజులు ఆగాం. మా డబ్బు తిరిగి రాలేదు.

ఈ రాత్రి ఇంటికి చేసినప్పుడు మీ ఇంటి మాట ఏదో అనుకోండి.