నెల తప్పాక ఈ వికారం ఎందుకు? చాల్ గదిలో తట్టుకోవడం ఎలా?

ముంబై కామాఠీపురకు ఆ పేరు మనవాళ్ల వల్లే వచ్చింది. 18వ శతాబ్దం చివరి నుంచి తెలుగు నేల విడిచి కూలికి వచ్చి, ఈ నగరాన్ని కట్టిన కామాఠీలు కాపురాలు పెట్టిన చోటు అది. అక్కడి గల్లీల్లోనూ, వర్లీ, ప్రభాదేవి చాళ్లలోనూ (ఒక్కో గది ఇళ్ల వరుసలున్న భవనాలు) ఇప్పటికీ ఒక్క గదిలో ఐదారుగురు సర్దుకునే ఇళ్లున్నాయి. అలాంటి గదికి కోడలిగా వచ్చిన అమ్మాయికి నెల తప్పితే, అడగడానికి అమ్మ ఏ సిరిసిల్లలోనో పాలమూరులోనో ఉంటుంది. ఆ అమ్మాయి కోసమే ఈ జవాబులు.

నెల తప్పితే గర్భమేనా?

కాకపోవచ్చు. ఊరు మారడం, దిగులు, థైరాయిడ్ వల్ల కూడా నెలసరి ఆలస్యమవుతుంది. రొమ్ముల సలుపు, విపరీతమైన అలసట తోడైతే పరీక్ష చేసుకోండి. మందుల షాపు కిట్ మూత్రంలోని హెచ్‌సీజీ హార్మోన్‌ను పట్టుకుంటుంది. పొద్దున తొలి మూత్రంలో అది చిక్కగా ఉంటుంది. గర్భం లేదని వచ్చినా నెలసరి రాకపోతే వారం ఆగి మళ్లీ చూడండి. కొందరికి మొదట్లో చిన్న రక్తపు మరక కనిపిస్తుంది. దాన్నే నెలసరి అనుకుంటే వారాల లెక్క తప్పుతుంది.

వేవిళ్లు ఎందుకు?

చివరి నెలసరి తొలి రోజు నుంచి లెక్కేస్తే ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారానికి ముదిరి, చాలామందికి నాలుగో నెలలో తగ్గుతాయి. బిడ్డ, మాయ వైపు నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోన్ తల్లి మెదడులో వికారం పుట్టిస్తుందని 2023లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువున్నవారికి బాధ ఎక్కువట. కాబట్టి అత్తలూ, ఆడబిడ్డలూ, పిల్ల పని తప్పించుకోవడానికి నటిస్తోందని దయచేసి అనకండి.

ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. లేవకముందే గుప్పెడు మరమరాలో, రెండు బిస్కెట్లో తినాలి. తర్వాత రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. ఒక్క గదిలో పోపు ఘాటు, పక్కింటి ఎండుచేపల వాసన తప్పించుకోలేం. వంట వేళ ఆమెను గది ముందరి గ్యాలరీలో కూర్చోనిచ్చి, పోపు మరొకరు పెట్టాలి. చల్లారిన అన్నానికి వాసన తక్కువ. అల్లం కొందరికి పనిచేస్తుంది. చాలకపోతే డాక్టర్ విటమిన్ బి6, డాక్సిలమైన్ మాత్రలు రాస్తారు.

మాటిమాటికీ మూత్రం ఎందుకు?

మూత్రపిండాలకు రక్తం ఎక్కువగా చేరి, వాటి వడపోత సగం దాకా పెరుగుతుంది. పెరిగే గర్భసంచి మూత్రాశయాన్ని నొక్కుతుంది. చాల్‌లో అసలు కష్టం ఇక్కడే. అంతస్తుకంతా కలిపి గ్యాలరీ చివర సండాస్ (మరుగుదొడ్డి), పొద్దున వరుస, రాత్రి చీకటి. అందుకని ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. ఇది అన్నిటికంటే చెడ్డ అలవాటు. నీరు తగ్గితే వికారం, మలబద్ధకం పెరుగుతాయి. బిగబడితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి, గర్భిణిలో అది మూత్రపిండాల దాకా పాకవచ్చు. పగలు బాగా తాగి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి. రాత్రి తోడు వెళ్లడం భర్త పని. వరుసలో గర్భిణిని ముందుకు పంపడం చాల్ పని. మంట, జ్వరం ఉంటే ఆ రోజే చూపించుకోవాలి.

ఇంట్లో బీడీ పని, పళ్లకు మిశ్రీ ఉంటే?

మిశ్రీ, అంటే పళ్లకు రుద్దే కాల్చిన పొగాకు పొడి, మానాలి. ముంబై గర్భిణులపైనే చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పొగరాని పొగాకు వాడినవారి బిడ్డల బరువు సగటున 105 గ్రాములు తగ్గింది. బీడీలు చుట్టే చేతుల నుంచి కూడా నికోటిన్ ఒంట్లోకి చేరుతుంది. ఈ నెలల్లో ఆకు, తంబాకు ఆమెకు దూరంగా పెట్టండి.

ఎప్పుడు పరుగెత్తాలి?

నీళ్లు కూడా నిలవని వాంతులు, రోజంతా మూత్రం రాకపోవడం, రక్తస్రావం, పొత్తికడుపులో ఒకవైపు పొడిచే నొప్పి, భుజం నొప్పి, స్పృహ తప్పడం. ఈ నొప్పులు, రక్తస్రావం ఉంటే గర్భం ఫాలోపియన్ గొట్టంలో నిలిచి ఉండవచ్చు, అది ప్రాణాంతకం. 108కి ఫోన్ చేయండి. గర్భం వద్దనుకున్నా సరే, పరీక్ష లేకుండా షాపులో గర్భస్రావం మాత్ర కొని మింగవద్దు.

ముంబై సెంట్రల్‌లో నాయర్ ఆసుపత్రి, 1886 నుంచి ఆడవాళ్ల కోసమే నడుస్తున్న కామా ఆసుపత్రి, బైకుల్లాలో జేజే ఆసుపత్రి కామాఠీపురకు దగ్గర్లోనే ఉన్నాయి. ఏ గల్లీలో ఉన్నా, ఏ పని చేసినా, 12 వారాల లోపు వెళ్లి పేరు రాయించుకోండి, ఫోలిక్ యాసిడ్ మాత్రలు అడిగి తెచ్చుకోండి. మరాఠీ రాకపోతే వచ్చిన పొరుగామెను వెంట తీసుకెళ్లండి.