గాజుతొట్టిలో మత్స్యలోకం

భాగవతంలోని మత్స్యావతార కథ మనకు సుపరిచితమే. కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్న సత్యవ్రతుని దోసిటిలోకి ఒక చేపపిల్ల వచ్చి, పెద్ద చేపల బారినుండి కాపాడమని వేడుకుంది. రాజు దానిని కమండలువులో ఉంచగా ఒక్క రాత్రిలోనే పెరిగి, అందులో ఇమడలేకపోయింది. అవతార తత్త్వాన్ని అటుంచితే, ఇంట చేపలను పెంచదలచిన వారికి ఈ కథ రెండు సత్యాలను బోధిస్తుంది. చిన్న చేపకు పెద్ద చేప వల్ల భయం తప్పదు. చేప పెరిగేకొద్దీ పాత్ర చాలదు.

కృష్ణా డెల్టా వాసులకు చేపల పెంపకం కొత్త కాదు. గుడివాడ, కైకలూరు ప్రాంతాలలో బొచ్చె, శీలావతి చేపలను పెంచే రైతు వేకువనే చెరువుగట్టుకు వెళ్లి చూస్తాడు. చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ప్రాణవాయువు తగ్గిందని గ్రహిస్తాడు. రాత్రివేళ నాచు సైతం ప్రాణవాయువును పీల్చుకోవడమే ఇందుకు ముఖ్య కారణం. చెరువుకు వర్తించే ఈ ధర్మం గాజుతొట్టికీ వర్తిస్తుంది.

కొత్త తొట్టిలో వేసిన చేపలు కొద్ది రోజులకే చనిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. నీరు తేటగానే ఉంది, మేతకు లోటు లేదు; మరి ఎందుకు చనిపోయాయని పిల్లలు కంటతడి పెడతారు. తరచుగా దీనికి కారణం కంటికి కనిపించని అమోనియా. అది చేపల మొప్పల నుండి వెలువడుతుంది. తినగా మిగిలిన మేత కుళ్లినప్పుడూ పుడుతుంది. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగాను మారుస్తాయి. మొదటి రెండూ విషతుల్యాలు. మూడవది మితంగా ఉన్నంతవరకు అంతగా హాని చేయదు. ఈ సూక్ష్మజీవులు ఇసుకలోను, వడపోత పరికరంలోను స్థిరపడడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. అందువల్ల రెండు మూడు చేపలతోనే ఆరంభించాలి. రెండు నిమిషాలలో తినగలిగినంత మేతనే వేయాలి. వారానికొకసారి నాలుగోవంతు నీటిని మాత్రమే మార్చాలి. నీటినంతా పారబోసి తొట్టిని తోమితే మేలుచేసే సూక్ష్మజీవులూ నశిస్తాయి.

నీటి గుణాన్ని బట్టి చేపను ఎన్నుకోవడం వివేకం. సముద్ర సామీప్యం వల్ల మచిలీపట్నం, దివిసీమలలో పలుచోట్ల భూగర్భజలం ఉప్పగా ఉంటుంది. కొద్దిపాటి ఉప్పదనాన్ని మోలీలు, గప్పీలు సహిస్తాయి; నియాన్ టెట్రాలు సహించలేవు. మంచినీరు లభించేచోట మన దేశపు జీబ్రా చేపను పెంచవచ్చు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ తన గంగానది మత్స్యగ్రంథంలో వర్ణించిన ఈ చారల చేప నేడు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పెరుగుతున్నది. ఇది గుంపులో బ్రతికే జీవి కనుక కనీసం ఆరింటినైనా కలిపి ఉంచాలి. సాధు స్వభావం గల చేపల నడుమ కలహప్రియులకు చోటివ్వరాదు. ఫైటర్ జాతి మగచేపలు రెండు ఒకచోట ఉంటే పోరాడుకుంటాయి. ఎదిగిన ఏంజెల్ చేప చిన్న టెట్రాలను మింగివేస్తుంది.

సత్యవ్రతుడు తన చేపను చివరకు సముద్రానికి చేర్చాడు. మనం మాత్రం తొట్టికి మించి పెరిగిన చేపను కాలువలో విడువరాదు. అది దయ అనిపించుకోదు. దక్షిణ అమెరికాకు చెందిన సక్కర్ చేప అలంకార మత్స్యంగా మన దేశానికి వచ్చి, నేడు ఆంధ్రదేశపు చెరువులలోనూ కనిపిస్తున్నది. దాని గట్టి ముళ్లకు జాలరుల వలలు చిరుగుతున్నాయి. స్థానిక మత్స్యాలకు ఆహారంలో పోటీ ఏర్పడుతున్నది. అట్టి చేపను అమ్మినవారికో, పెద్ద తొట్టి ఉన్నవారికో అప్పగించడమే ఉచితం. ఒక ప్రాణిని గాజుగోడల మధ్యకు తెచ్చుకున్న క్షణం నుండి దాని నీరు, మేత, తోడు అన్నీ మన బాధ్యతే. ఆ బాధ్యతను స్వీకరించగలిగిన వారికే ఆ అందాన్ని చూసి ఆనందించే అర్హత.

అర్థాలు
కమండలువు = మునులు, తాపసులు నీటికై వాడే పాత్ర
సామీప్యం = దగ్గరగా ఉండడం
కలహప్రియులు = తగవులాడే స్వభావం కలవారు

ప్రశ్నలు
1. కొత్త తొట్టిలోని చేపలు చనిపోవడానికి కారణమేమి? నివారణ ఎట్లు?
2. పెంపుడు చేపలను కాలువలలో ఎందుకు విడువరాదు?