ప్లమ్ పాక్స్ నిర్ధారణ: నమూనా విలువ

కండగల ఫలభాగం మధ్య గట్టి టెంక, ఆ టెంకలో విత్తనం ఇమిడి ఉండే పండ్లను టెంకఫలాలు అంటారు. వీటిలో ప్లమ్, పీచ్, ఆప్రికాట్, చెర్రీ చెట్లు ప్రూనస్ ప్రజాతికి చెందినవి. ఈ ప్రజాతికి సోకే వైరస్ వ్యాధులలో మిక్కిలి నష్టదాయకమైనది ప్లమ్ పాక్స్. దీనికే షార్కా అని మరో పేరు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బల్గేరియా ప్లమ్ తోటలలో కనిపించిన ఈ తెగులుకు వైరసే కారణమని దిమిటర్ అటనాసోవ్ 1932లో వెల్లడించాడు. దీని కారకం పోటివైరస్ ప్రజాతికి చెందినది. దాదాపు 700 నానోమీటర్ల పొడవున్న తంతురూప కణం, అందులో ఏకపోగు ఆర్‌ఎన్‌ఏ ఉంటాయి. తోటలో చెట్టు నుంచి చెట్టుకు దీనిని పేనుబంక చేరవేస్తే, దూరప్రాంతాలకు మనిషి తరలించే అంటుమొక్కలే చేరవేస్తాయి.

ఆకులపై లేత వలయాలు, పండ్లపై మచ్చలు, ఆప్రికాట్ టెంకలపై పాలిపోయిన వలయాలు దీని లక్షణాలు. అయితే వ్యాధి సోకినా చాలాకాలం ఏ లక్షణమూ చూపని చెట్లు ఉన్నందున కంటిచూపుతో చేసే నిర్ణయం చాలదు. అందుచేత ప్రయోగశాల పరీక్ష అవసరమైంది.

జైవిక పరీక్షలో అనుమానిత చెట్టు మొగ్గను జీఎఫ్-305 అనే పీచ్ సూచక మొక్కకు అంటుకట్టి లక్షణాల కోసం ఎదురుచూస్తారు. ఇది నమ్మదగినదే కాని చాలా నెమ్మదైనది. ఆ జాప్యాన్ని తొలగించినది ఎలిసా. వృక్ష వైరస్‌ల గుర్తింపుకు ఈ పద్ధతిని క్లార్క్, ఆడమ్స్ అనే శాస్త్రజ్ఞులు 1977లో సవివరంగా ప్రతిపాదించినప్పుడు వారు పరీక్షించిన వైరస్‌లలో ప్లమ్ పాక్స్ వైరస్ ఒకటి కావడం గమనార్హం. 96 గుంటల పలకకు ప్రతిదేహాలను పూతగా పూసి, నూరిన ఆకు రసాన్ని అందులో పోస్తే, రసంలోని వైరస్ ప్రతిదేహానికి అంటుకొని నిలుస్తుంది. తరువాత ఎంజైముతో జతపరచిన మరొక ప్రతిదేహం వైరస్‌ను పట్టుకుంటుంది. ఆపై చేర్చిన రసాయనాన్ని ఆ ఎంజైము పసుపురంగుకు మారుస్తుంది. ఆరోగ్యవంతమైన మొక్కల రసంతో వచ్చిన సగటు విలువకు రెండింతలు మించిన రంగు తీవ్రతను సాధారణంగా వ్యాధి సూచనగా గ్రహిస్తారు. స్పెయిన్‌లోని వలెన్సియాలో రూపొందిన 5బీ-ఐవీఐఏ అనే ఏకరూప ప్రతిదేహం ఈ పరీక్షకు స్థిరత్వాన్ని చేకూర్చింది.

కోవిడ్ కాలంలో ఇంటింటా వినిపించిన ఆర్‌టీ-పీసీఆర్ ఇంతకన్నా సున్నితమైనది. ఇందులో వైరస్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, ఎంచుకున్న ఖండాన్ని కోట్ల ప్రతులుగా వృద్ధి చేస్తారు. చెట్ల కణజాలంలోని ఫీనాలిక పదార్థాలు ఈ చర్యను నిరోధిస్తాయి. కనుక ముందుగా ప్రతిదేహాలతో వైరస్‌ను పట్టి నిలిపి, మిగిలిన రసాన్ని కడిగివేసే మిశ్రమ పద్ధతి కూడా వాడుకలో ఉంది.

ఇంతటి సూక్ష్మ పరికరాలున్నా ఫలితం విలువ నమూనా మీదనే ఆధారపడుతుంది, నా దృష్టిలో ఈ శాస్త్రంలోని కీలకం ఇదే. వైరస్ చెట్టంతటా సమంగా వ్యాపించదు. ఒక కొమ్మ నిండా ఉండి పక్క కొమ్మలో లేకపోవచ్చు. వేసవి ఎండలకు దాని సాంద్రత తగ్గిపోతుంది. అందువల్ల వసంతంలో, చెట్టు చుట్టూ ఉన్న ప్రధాన శాఖలన్నింటి మధ్యభాగాల నుంచి ఆకులు సేకరించాలి. ప్రతికూల ఫలితం చెట్టులో వైరస్ లేదని చెప్పదు. ఆ నమూనాలో గుర్తించదగిన పరిమాణంలో లేదని మాత్రమే చెబుతుంది.

ఈ భేదం నర్సరీలకు ప్రాణప్రదమైనది. ఒక్క మాతృవృక్షం వ్యాధిగ్రస్తమైతే దాని మొగ్గలతో కట్టిన అంట్ల ద్వారా వైరస్ కొత్త తోటలకు పాకుతుంది, తోటలో సోకిన చెట్టును నయం చేసే మందు లేదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1999లో ఈ వ్యాధి బయటపడినప్పుడు విస్తృత పరీక్షలు, చెట్ల తొలగింపు ఏకకాలంలో సాగించి 2009లో ఆ రాష్ట్రాన్ని వ్యాధిరహితంగా ప్రకటించగలిగారు. దేశమంతటికీ ఆ ప్రకటన 2019లో వెలువడింది. కొత్త ప్రాంతంలో తొలిసారి అనుకూల ఫలితం వచ్చినప్పుడు, ఎలిసా చెప్పిన దానిని ఆర్‌టీ-పీసీఆర్ వంటి భిన్న సూత్రం గల మరో పరీక్షతో ధ్రువపరచుకున్న తరువాతనే గొడ్డలి ఎత్తాలి.