తోలుపై వాలుకోల

మేష్టరుగారి యింట తోలుపని యేమని సోదరీమణులు శంకింపవచ్చును. మా అత్తగారును అట్లే శంకించిరి. తడిసిన తోలు వాసన వంటయింటి వఱకు వచ్చిననాడు వారు మడిబట్టతో దొడ్డివాకిటనే నిలిచిపోయిరి. అంతట మావారు, “అమ్మా! భజనలో నీవు వినెడి మృదంగమును దేనితో మూసిరి? తాతగారు కూర్చుండి జపము చేసికొనిన కృష్ణాజినము దేనిది?” అని యడిగిరి. అత్తగారు సమాధానము చెప్పలేదు. “వసారా దాటి లోనికి రానీయకుడు” అని మాత్రము సెలవిచ్చిరి. ఆ వసారాయే నేటికిని మా పనిచోటు.

ఈ పని మాకేల కావలసివచ్చినదో మొదట చెప్పవలయును. మేము బడికి పోయి చదివినవారము కాము. అక్షరాభ్యాసము మొదలు ప్రబంధముల వఱకు మాకు చెప్పినవారు మా నాన్నగారు. నీటికాసుల వ్యాధిచేత వారికి కన్నులు రెండును పోయినవి. వారి భాగవతము, అట్ట ఊడి, అంచులు చినిగి, తలగడ ప్రక్కనే యుండును. చదువలేకున్నను దానిని చేత తడవుచుందురు. ఆ గ్రంథమునకు తోలు అట్ట వేసి, దానిపై వ్రేలికి తెలియునట్టి బొమ్మ నొకదానిని చెక్కవలెనని మాకు తోచినది. కంటికి చాలు బొమ్మ వేఱు, వ్రేలికి చాలు బొమ్మ వేఱు. రంగులు వారికి నిరర్థకములు. దారముతో కుట్టిన పూవు నాలుగునాళ్లలో నలిగిపోవును. తోలుపై తీరుగా నిలిచిన అంచు మాత్రము వ్రేలికి చిరకాలము పలుకును.

ఏ బొమ్మ యను ప్రశ్న పుట్టలేదు. నాన్నగారిది ఉద్దానము. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుఫానునకు వారి తోటలోని కొబ్బరిచెట్లు పెక్కు నేలగూలినవి. మిగిలిన రెండు జీడిచెట్ల నీడనే వారికి పగలు గడచును. కావున జీడికొమ్మయే: నాలుగాకులు, ఒక పండు, పండు క్రింద వ్రేలాడు పిక్క.

తోలును చెక్కుట యనగానే మన తెలుగువారికి తోలుబొమ్మలు జ్ఞప్తికి వచ్చును. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో మేకతోలును పలుచన చేసి, ఉలులతో రంధ్రములు తొలిచి, రంగులు వేసి, వెలుగు దానిగుండ ప్రసరించునట్లు చేయుదురు. ఆ గ్రామవాసియైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. అది వెలుగును నమ్ముకొన్న విద్య. మేము నేర్చుకొనబోయినది నీడను నమ్ముకొన్నది. ఇందు రంధ్రముండదు, తోలులో నొక్క ముక్కయు తొలగింపబడదు. అమెరికాలో గుఱ్ఱపు జీనులపై పూవులను లతలను చెక్కెడి పనివారివలన ఈ పద్ధతి మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. వారిలో పేరొందిన అల్ స్టోల్మన్ జీనులను గూర్చి వ్రాసిన పెద్ద గ్రంథముపై ఆయన భార్య ఆన్ పేరును గలదు. మా పినతండ్రి కుమారుడు విదేశమునుండి వచ్చుచు పనిముట్లు తెచ్చి యిచ్చుటచే మాకును ధైర్యము కలిగినది.

పద్ధతి వినుటకు సులభము. తోలుపై బొమ్మను దించి, కత్తితో గీటు వెంబడి కోయవలెను. ఈ కత్తి విచిత్రమైనది. చూపుడువ్రేలు పైనున్న కొక్కెమున ఆనియుండగా, బొటనవ్రేలు మధ్యవ్రేలు దాని పిడిని త్రిప్పుచుండును. కోత తోలు మందములో సగము మించరాదు. పిమ్మట వచ్చునది బెవెలర్ అను పనిముట్టు. దానికి మేము మా యింట వాలుకోల యని పేరు పెట్టుకొంటిమి. దాని మొగము ఒకవైపు దిగి, రెండవవైపునకు ఏటవాలుగా లేచియుండును. దిగిన అంచును కోతలో నుంచి అదిమినయెడల, కోత ప్రక్కనున్న తోలు అచ్చట లోతుగను, దూరమైన కొలది తక్కువగను అణగిపోవును. ఇందులోని చిత్రమేమనగా, బొమ్మ పైకి లేవదు. బొమ్మ చుట్టునున్నది క్రిందికి దిగును. చూచువారికి మాత్రము ఆకు లేచినట్లే కనుపించును.

వాలుకోల రెండు విధములు. ఒకటి కొయ్యసుత్తితో కొట్టునది, రెండవది కలమువలె పట్టుకొని చేతితో అదుమునది. మేము కొట్టుదానితోనే మొదలిడితిమి. మాకు తీరిక రాత్రి తొమ్మిది దాటినగాని దొరకదు. ఆ వేళ మావారు పరీక్షపత్రములు దిద్దుకొనుచుందురు, చంటివాడు నిద్రించుచుండును. మూడవ రాత్రియే ప్రక్కయింటివారు గోడ తట్టిరి. ఆనాటినుండి చేతి వాలుకోలయే మాకు శరణ్యమైనది. దానితో పని మెల్లగా సాగును, కాని చప్పుడు లేదు. సన్నని వంపులలో సుత్తిపనిముట్టు పోలేని చోటికి ఇది పోగలదు.

తోలు క్రింద కదలని బండ యుండవలెను. దానికి మేము దూరము పోనక్కఱలేదు. టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైటు దేశాంతరములకు పోవుచున్నది గదా! మెఱుగుపెట్టిన పలకల తునకయొకటి అచ్చటనుండి తెచ్చుకొంటిమి.

తోలు విషయమున మాత్రము మోసపోయితిమి. పట్టణమున సంచులకు వాడు మెత్తని తోలు కొని తెచ్చి, ఎంత తడిపి ఎంత అదిమినను గుర్తు నిలువలేదు. కారణము తెలియక, కాశీబుగ్గలో చెట్టుక్రింద చెప్పులు కుట్టు వృద్ధునొకని యొద్దకు పోయితిమి. అతడు తోలు అంచును వంచి చూచి, “ఇది మందుల తోలమ్మా, మాట వినదు. చెక్క తోలు కావాల” అనెను. క్రోము లవణములతో పదునుచేసిన తోలు నీటిని పట్టదు, అచ్చును నిలుపుకొనదు. నేడు లోకమున అధికభాగము ఆ తోలే. తంగేడుచెక్క, కరక్కాయ మొదలగువాని కషాయములో నానవేసి పదునుచేసిన తోలు మాత్రమే తడిసిన మట్టివలె అచ్చు పట్టి, ఆరినపిదప దానిని విడువదు. మేము నేలపైననే కూర్చుండి అడిగినవన్నియు అతడు చెప్పెను. లేవబోవునపుడు, “సెప్పు తెగిందని వచ్చినోళ్లే గానీ, తోలు సంగతి సెప్పమని వచ్చినోళ్లు లేరమ్మా” అనెను. మేమేమనగలము? గాంధిజీ దక్షిణాఫ్రికాలో తాము చెప్పులు కుట్టి, ఒక జోడును 1914లో జనరల్ స్మట్సునకిచ్చిరనియు, ఆయన దానిని 1939లో తిరిగి పంపెననియు మేము చిన్ననాటనే చదివితిమి. చదివి మెచ్చుకొంటిమి. మా వీధి చివరనున్నవాని ప్రక్క కూర్చుండుటకు మాకు ముప్పదియైదేండ్లు పట్టినది.

తడి విషయమును అతడు చెప్పినట్లే పుస్తకములును చెప్పుచున్నవి. స్పంజితో నీరు పట్టించిన తోలు ముదురురంగు తిరుగును. అప్పుడే పని మొదలిడినచో అది పిండివలె జారిపోవును. రంగు వీడి లేతవన్నె తిరిగి వచ్చుచు, చెంపకు ఆనించినపుడు చల్లదనము మాత్రము తగులు సమయమే సరియైనది. అప్పుడు వాలుకోల పోయిన దారి గోధుమవన్నెతో నిగనిగలాడును. మఱింత ఆరినచో కోల జాఱును, గుర్తు పడదు. మన ఉద్దానపు గాలిలో ఉప్పుతేమ యుండుటచే తోలు ఆఱుటకు ఆలస్యమగును. వానకాలమున తడితోలును రెండునాళ్లు చుట్టియుంచినచో బూజు పట్టుట నిశ్చయము. ఇనుపవస్తువు తగిలినచో నల్లని మచ్చ పడును. కరక్కాయతో సిరా చేయుట యెఱిగిన యింటి ఆడవారికి దీని కారణము చెప్పనక్కఱలేదు. నిమ్మరసము అద్దిన ఆ మచ్చ చాలవఱకు తగ్గును.

చేయి నేర్చుకొనుటయే కష్టము. ఒక్కమారు అదిమి, కోలను ఎత్తి, మఱియొకచోట నుంచినయెడల మెట్లుమెట్లుగా గుర్తులు పడును. కోలను ఎత్తక, దాని వెడల్పులో సగము మాత్రమే జరుపుచు, వెనుకటి గుర్తుపై ముందటి గుర్తు ఎక్కునట్లు పోవలెను. చిటికెనవ్రేలు తోలుపై ఆనియుండవలెను. బలము మణికట్టునుండి గాక భుజమునుండి రావలెను. ఇది యంతయు వ్రాయుటకు నాలుగు పంక్తులు, చేతికి వచ్చుటకు నాలుగు నెలలు పట్టినది.

తీరా వచ్చినదనుకొన్నపుడు మొదటి అట్ట చెడినది. పండునకును పిక్కకును నడుమ ఒకే కోత గలదు. ఏది ముందున్నదో దానిని విడిచి, వెనుకనున్నదానిని అణచవలెను. మేము తొందరలో పిక్క వైపున అణచితిమి. పిక్క పండు క్రింద వ్రేలాడుటకు మాఱు, మామిడిలోని టెంకవలె పండులోనికి పోయినది. అణగిన తోలు మరల లేవదు. మిగిలిన తోలు ఒక్క అట్టకే చాలును. రెండు వారములు కోల ముట్టలేదు.

మా యెదురింటి అప్ప జీడి కర్మాగారమున పనిచేయును. పెంకులోని నూనె తగిలి ఆమె వ్రేళ్లు నల్లబడి, కొనలు మొద్దుబాఱినవి. ఒకనాటి సాయంకాలము వచ్చి, చెడిన అట్టను చూచి నవ్వి, “పిక్కెక్కడైనా పండులోపల ఉంటాదా అమ్మా?” అని, కోలను చేత పుచ్చుకొని మిగులుముక్కపై ప్రయత్నించినది. మొదటి బెత్తెడు వంకరగా వచ్చినది. రెండవ బెత్తెడు మాకంటె నున్నగా వచ్చినది. మేము ఆశ్చర్యపడి యడుగగా, “పెంకు పగలాల, పప్పు పగలకూడదు. దినమంతా ఇదే గదా మా పని” అనినది. గుండుకు ధర యెక్కువ, బద్దకు తక్కువ, ముక్కకు మఱియు తక్కువ. ఎంత అదుమవలెనో ఎచ్చట ఆపవలెనో యేండ్ల తరబడి నేర్చిన చేయి అది. మేము కలము పట్టిన చేతినే సూక్ష్మమైనదని తలచుచుంటిమి.

రెండవ అట్టను ఇరువురమును కలిసి చేసితిమి. ఆకులు, పండు మావి. తొడిమ కడ నున్న ఇఱుకు వంపులు, పిక్క చుట్టును అప్పవి.

గత పున్నమినాడు నాన్నగారి చేతిలో గ్రంథము నుంచితిమి. ఏమియు చెప్పలేదు. వారు చూపుడువ్రేలితో ఆకు అంచు పట్టుకొని పోయిరి. ఒక ఆకు కడ నిలిచి, “ఇచ్చట మెట్లు పడినవి” అనిరి. నిజమే, అది మేము నిద్రమత్తులో చేసిన చోటు. పండును చుట్టివచ్చి, పిక్కపై వ్రేలాడించి, చాలసేపు ఊరకుండిరి. పిదప, “ఇది నీ చేయి కాదు. ఎవరిది?” అని యడిగిరి.

చెప్పితిమి. “ఆమెను ఒకసారి తీసికొని రమ్ము” అనిరి. వచ్చు ఆదివారము అప్పకు సెలవు.