అరచేతిలో చెరసాల

పెద్ద వస్తువును చిన్నదిగా మలచి చూసుకోవాలనే కోరిక మానవునికి సహజమైనది. పండుగనాటి బొమ్మల కొలువు ఇందుకు నిదర్శనం. పాశ్చాత్య దేశాలలో ఈ కోరిక నమూనా రైలుమార్గాల నిర్మాణంగా వికసించింది. బల్లపై పట్టాలు పరచి, వాటికి ఇరువైపులా కొండలను, వంతెనలను, ఊళ్లను తీర్చిదిద్ది, గడచిన ఒకానొక కాలాన్ని కళ్లకు కట్టించడమే ఈ కళ లక్ష్యం. అమెరికాలో ఈ కళాభిమానులు 1935లో జాతీయ సంఘంగా ఏర్పడి, కొలతలకు ప్రమాణాలను నిర్ణయించుకొన్నారు.

పంతొమ్మిదవ శతాబ్దపు అమెరికా పట్టణాన్ని నిర్మించేవారు స్టేషన్, బ్యాంకు, హోటలు, చర్చిలతోపాటు చెరసాలకు కూడా చోటు కల్పిస్తారు. దీనికి చారిత్రక కారణం ఉంది. 1869 మే 10న యూటా ప్రాంతంలో తూర్పు, పడమటి రైలుమార్గాలు కలిశాయి. పట్టాల వెంట కొత్త పట్టణాలు వెలిశాయి. వ్యాపారం పెరిగింది, దానితోపాటు దొంగతనాలు, తగవులు కూడా పెరిగాయి. మొదట దుంగలతోను, మందపాటి చెక్కలతోను కట్టిన చిన్న చెరసాలల స్థానంలో క్రమంగా ఇటుక, రాతి కట్టడాలు వచ్చాయి. కనుక చెరసాల లేని పాతకాలపు పట్టణం ఆనాటి జీవితాన్ని సంపూర్ణంగా చూపజాలదు.

ఈ కళకు నిష్పత్తి ప్రాణం. అత్యధికులు అనుసరించే ‘హెచ్.ఓ.’ కొలమానంలో వస్తువు 87వ వంతుకు తగ్గుతుంది. అనగా ఒక అడుగు మూడున్నర మిల్లీమీటర్లవుతుంది. ఈ లెక్కన ఆరడుగుల మనిషి 21 మిల్లీమీటర్ల బొమ్మగా మారుతాడు. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల చెరసాల 105, 70 మిల్లీమీటర్ల కొలతలతో అరచేతిలో ఇమిడిపోతుంది. అంగుళం మందం గల కిటికీ ఊచ మిల్లీమీటరులో మూడవ వంతుకన్న సన్నమవుతుంది. సులువని ఒక మిల్లీమీటరు తీగను అమర్చితే, అది అసలు భవనంలో దాదాపు మూడున్నర అంగుళాల దూలంతో సమానం. చూపరుల కన్ను ఆ అసత్యాన్ని ఇట్టే పసిగడుతుంది.

కొలతలు కుదిరిన తరువాత కట్టడపు స్వభావాన్ని గ్రహించాలి. ఆనాటి అనేక చెరసాలలలో ముందుభాగం షెరిఫ్ కుటుంబానికి నివాసం. ఖైదీలకు ఆ ఇంటి ఇల్లాలే వండిపెట్టడం పరిపాటి. అందుచేత ముందువైపు కిటికీలకు తెరలు, వంటింటికి పొగగొట్టం, వెనుకవైపు ఎత్తున ఇరుకైన కిటికీలు, వాటికి ఇనుప ఊచలు అమర్చుతారు. గోడలకు అట్ట, చెక్క, ప్లాస్టిక్ పలకలు వాడుతారు. ఊచలకు సన్నని ఇత్తడి తీగ ఉపకరిస్తుంది. పిమ్మట పలుచని నల్లరంగును ఇటుకల సందులలోకి పారించి, సుద్దపొడిని అద్ది, ఆవిరి యంత్రాల మసిని, ఎండవానల జాడలను చూపుతారు. కొత్తదనాన్ని పోగొట్టి పాతదనాన్ని తేవడానికే ఎక్కువ నేర్పు అవసరం.

ఐయోవా రాష్ట్రంలోని కౌన్సిల్ బ్లఫ్స్ చెరసాల ఈ కళాకారులకు ఒక గొప్ప పాఠం. యూనియన్ పసిఫిక్ రైలుమార్గానికి తూర్పు కొసగా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ 1863లో ఎంపిక చేసిన పట్టణమిది. అక్కడ 1885లో నిర్మించిన చెరసాల వెలుపలికి అందమైన ఎర్రయిటుకల భవనం. లోపల మాత్రం మూడంతస్తుల గుండ్రని ఇనుప పంజరం. గుండ్రటి రొట్టెను కోసిన ముక్కలవలె దానిలో గదులుండేవి. చేతితో పిడి తిప్పితే పంజరమంతా తిరిగేది. అంతస్తుకు ఒకే ద్వారం ఉండడం వలన ఒకసారికి ఒక్క గదినే తెరవడం సాధ్యమయ్యేది. కొద్దిమంది కాపలాదారులతో ఎక్కువమంది ఖైదీలను అదుపులో ఉంచడం దీని ఉద్దేశం. కాని ఇటువంటి తిరిగే చెరసాలలలో ఊచల మధ్య చిక్కి ఖైదీల కాళ్లూచేతులూ నలిగేవి. అగ్నిప్రమాదం జరిగితే అందరినీ త్వరగా వెలుపలికి తేవడం అసాధ్యం. అయినప్పటికీ కౌన్సిల్ బ్లఫ్స్ భవనం 1969 వరకు చెరసాలగానే కొనసాగి, తరువాత ప్రదర్శనశాలగా మారింది.

ఎర్రయిటుకల అందాన్ని మాత్రమే అనుకరించిన నమూనా చూడముచ్చటగా ఉంటుంది గాని, ఆ గోడల వెనుక మనుషులు అనుభవించిన బాధను మరుగుపరుస్తుంది. అందుకే శ్రద్ధగల శిల్పి పైకప్పును తీసి చూసేందుకు వీలు కల్పించి, లోపలి ఇరుకు గదులను కూడా నిర్మిస్తాడు. మినుకుమినుకుమనే ఒక చిన్న దీపాన్ని, ఊచలు పట్టుకొని నిలిచిన ఒక బొమ్మను ఉంచుతాడు. అప్పుడు ఆ కట్టడం ఆటవస్తువుగా మిగలక, న్యాయం పేరిట మనిషి మనిషిని ఎట్లా బంధించాడో తెలిపే చరిత్రపుట అవుతుంది. వస్తువును ఎంత చిన్నది చేసినా, అందులోని సత్యాన్ని చిన్నబుచ్చరాదు.