సినిమాకు సరిహద్దు దాటించే కొలువు

సినిమా రంగంలో ఉద్యోగం అనగానే డైరెక్షన్, ఎడిటింగ్, వీఎఫ్ఎక్స్.. ఇవే గుర్తుకొస్తాయి. తీసిన సినిమా వేరే దేశంలో ఆడాలంటే మాత్రం ముందు ఆ దేశం తలుపు తీయాలి. ఏడాదికి ఎన్ని సినిమాలను రానివ్వాలి? వసూళ్లలో వాటా ఎంత? మన కళాకారులు అక్కడికెళ్లి ప్రదర్శన ఇవ్వొచ్చా? ఇవన్నీ ప్రభుత్వాలు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకునే సంగతులు. ఆ చర్చలకు లెక్కలు, వాదనలు సిద్ధం చేసేది ఎకనామిక్స్, కామర్స్, లా చదివినవాళ్లే. డిగ్రీ పూర్తిచేయబోతున్నారా? అయితే ఓసారి ఇటు కూడా చూడండి.

నాలుగు దారులు

సేవల వాణిజ్యానికి ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) ఒప్పందం ఉంది. పేరు గాట్స్. 1995 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం సేవలు నాలుగు దారుల్లో సరిహద్దు దాటుతాయి.

* హైదరాబాద్ స్టూడియో వీఎఫ్ఎక్స్ షాట్లు చేసి నెట్‌లో లాస్ ఏంజెలెస్‌కు పంపడం ఒకటో దారి.
* విదేశీ నిర్మాత ఇక్కడికొచ్చి స్టూడియో అద్దెకు తీసుకోవడం రెండోది.
* మన డిస్ట్రిబ్యూషన్ కంపెనీ విదేశంలో ఆఫీసు తెరవడం మూడోది.
* కూచిపూడి బృందం వెళ్లి అక్కడ ప్రదర్శన ఇచ్చి రావడం నాలుగోది.

ఏ సేవకు ఏ దారి తెరుస్తుందో ప్రతి దేశం ఓ షెడ్యూల్‌లో రాసిస్తుంది. రాయకపోతే మార్కెట్ తెరవాల్సిన బాధ్యత ఉండదు. అందుకే బేరమంతా ఆ షెడ్యూల్‌లోని పదాల చుట్టూనే తిరుగుతుంది.

ఒక్క పదంపై పోరు

చైనా 2001 డిసెంబరులో డబ్ల్యూటీఓలో చేరింది. వసూళ్లలో వాటా ఇచ్చే పద్ధతిలో ఏడాదికి 20 విదేశీ సినిమాలను రానిస్తామంది. దిగుమతి హక్కు మాత్రం ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉంచుకుంది. దీనిపై 2007లో అమెరికా ఫిర్యాదు చేసింది.

ఆ కేసులో పాటల సంగతీ వచ్చింది. 'సౌండ్ రికార్డింగ్ పంపిణీ సేవలు' అని చైనా తన షెడ్యూల్‌లో రాసింది. అది సీడీలు, క్యాసెట్లకేనని చైనా వాదించింది. నెట్‌లో పంపిణీ కూడా అందులోకే వస్తుందని 2009 డిసెంబరులో అప్పీలు మండలి తేల్చింది. తమ ఆంక్షలు ప్రజా నైతికతను కాపాడటానికేనన్న చైనా మాట కూడా నిలవలేదు.

20 సినిమాల పరిమితి మాత్రం తీర్పుతో మారలేదు. 2012 ఫిబ్రవరిలో రెండు దేశాలూ రాజీకొచ్చాయి. త్రీడీ, ఐమ్యాక్స్ చిత్రాలకు మరో 14 చోట్లు దక్కాయి. విదేశీ నిర్మాతల వాటా 25 శాతానికి పెరిగింది. అంటే కేసు గెలవడం ఒకెత్తు, దాన్ని చూపించి బేరం కుదుర్చుకోవడం మరో ఎత్తు. ఈ మార్కెట్ ఎంత పెద్దదో మనకూ తెలుసు. 2017లో 'దంగల్' అక్కడ వెయ్యి కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది.

ఇచ్చిపుచ్చుకోవడమే

ఊరికే ఎవరూ తలుపు తీయరు. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి ముందు దక్షిణ కొరియా 2006లో తన థియేటర్లలో దేశీ సినిమాలు తప్పనిసరిగా ఆడాల్సిన రోజులను 146 నుంచి 73కు తగ్గించింది. నటులు, దర్శకులు వీధుల్లోకొచ్చి నిరసన తెలిపారు. ఒకరికి అవకాశమైంది మరొకరికి ఉపాధి భయం. బేరమాడేవాళ్లు రెండు వైపులా వినాలి.

మనకు దగ్గరి ఉదాహరణ.. 2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకాలు చేసిన ఒప్పందం. అందులో మన శాస్త్రీయ సంగీత కళాకారులు, యోగా శిక్షకులు, వంటనిపుణులకు కలిపి ఏడాదికి 1,800 మంది వరకు వెళ్లే వీలు పెట్టారు. పైన చెప్పిన నాలుగో దారి ఇదే.

ఎలా చేరాలి?

* యూపీఎస్సీ సివిల్స్ ద్వారా ఇండియన్ ట్రేడ్ సర్వీస్‌లో చేరొచ్చు. ఏ డిగ్రీ అయినా చాలు.
* దిల్లీ ఐఐఎఫ్‌టీలో ఇంటర్నేషనల్ బిజినెస్ ఎంబీఏ ఉంది. కాకినాడలోనూ ఐఐఎఫ్‌టీ క్యాంపస్ నడుస్తోంది.
* లా విద్యార్థులు వాణిజ్య చట్టం, మేధోసంపత్తి హక్కులపై దృష్టి పెట్టాలి.
* ఐఐఎఫ్‌టీకి చెందిన సెంటర్ ఫర్ డబ్ల్యూటీఓ స్టడీస్ వాణిజ్య శాఖకు పరిశోధన సాయం అందిస్తుంది. రీసెర్చ్ పోస్టుల ప్రకటనలు గమనిస్తుండండి.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఈ పోస్టులు తక్కువ. ఒక్కో ఒప్పందానికి ఏళ్లు పడుతుంది. అయితే ఒప్పందాన్ని చదివి అర్థం చేసుకునే నేర్పు వృథా కాదు. ఓటీటీ సంస్థల లీగల్ విభాగాల్లో, కన్సల్టెన్సీల్లో అదే పనికొస్తుంది.

ఇవాళే మొదలుపెట్టొచ్చు. డబ్ల్యూటీఓ వెబ్‌సైట్‌లో దేశాల షెడ్యూళ్లు ఉచితంగా దొరుకుతాయి. మన దేశం ఆడియో విజువల్ సేవల గురించి ఏం రాసిందో చదవండి. ఏది తెరిచాం, ఏది మూశాం, ఎందుకు? ఒక పేజీలో రాసి చూడండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీదైన మాట ఒకటి దొరుకుతుంది.