పసివాని నోటికి పనికివచ్చు రంగు

పసివాని చేతికందిన బొమ్మ మఱుక్షణముననే నోటికి పోవును. ఈ సంగతి తల్లులకొకరు చెప్పనక్కఱలేదు. బొమ్మలకు రంగులు వేయువారు మాత్రము దీనిని చాలకాలము తలపునకు తెచ్చుకొనలేదు. తలపునకు తెచ్చుకొని, అనేక సంవత్సరములు దానికై పాటుపడిన యొక తెలుగువారిని గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి. వారు ఏటికొప్పాక గ్రామమునకు చెందిన శ్రీ చింతలపాటి వెంకటపతి రాజుగారు. లోకము వారిని సి. వి. రాజుగారని యెఱుగును.

విశాఖపట్టణమనగానే మనకు ఓడరేవును, ఉక్కు కర్మాగారమును స్ఫురించును. ఆ సందడికి దూరముగా, వరాహనది యొడ్డున నున్న పల్లె యిది. 2022 వఱకు విశాఖపట్టణపు జిల్లాలోనిదే. ఆ యేట జిల్లాలు విభజింపబడగా అనకాపల్లి జిల్లాలో చేరినది. మన చిన్ననాటి లక్కపిడతలు, బొంగరములు, గిలకలు, పెద్దవారి కుంకుమభరిణెలు ఇచటి చేతులలో రూపుకట్టినవే.

వాని పుట్టువు చూడ ముచ్చటగా నుండును. అంకుడు చెట్టు కఱ్ఱ తేలికయైనది, మెత్తనిది. బాగుగ నెండిన కఱ్ఱను లేతునకు బిగించి, గిఱ్ఱున తిరుగుచుండగా ఉలితో ఆకారము తీర్తురు. కావుననే యీ బొమ్మలకు కోసుగా నుండు మూలలు లేవు. పిదప రంగు కలిపిన లక్కకణికను తిరుగుచున్న బొమ్మకు ఆనించి పట్టుదురు. ఆ యొరపిడికి పుట్టిన వేడిమిచే లక్క కరగి కఱ్ఱను పట్టుకొనును. కుంచెతో పనిలేదు, నీటితో పనిలేదు. భారతమున లక్కయిల్లు దగ్ధమైన కథ చదివిన మనము లక్కకు వేడి శత్రువనుకొందుము. ఇచట నదియే మిత్రము. కడపట మొగలియాకుతో రుద్దగా బొమ్మ తళతళలాడును. మొగలిపూవును జడలో తుఱుముకొనుటయే గాని, ఆ ముండ్లయాకునకింత నేర్పు కలదని మనమెఱుగము!

పూర్వము చెట్టుచేమల నుండి తీసిన రంగులే వాడెడివారు. తరువాత రసాయనపు రంగులు వచ్చినవి. అవి చవుక, కంటికి జిగేలుమనును, శ్రమ తక్కువ. పూటకూటికి పనిచేయు కళాకారుడు వానిని చేపట్టుట వింత కాదు. కాని యట్టి రంగులు కొన్నింటిలో సీసము వంటి లోహములుండును. సీసము కొలదిగ లోనికి పోయినను పసివారి మెదడునకు చేటు. రాజుగారి దృష్టి యిచటనే నిలిచినది. వారు గింజలు, వేళ్లు, బెరడులు, ఆకులు పరిశోధించి వన్నెలు తీయ పూనుకొనిరి. పసుపుకొమ్మున పచ్చని వన్నె, నీలిమొక్కయందు నీలము, జాఫ్రాగింజలలో నారింజ వన్నె దొరకును. వినుటకు సులభమే. బట్టకు రంగువేయుట వేఱు. నీటికి లొంగని లక్కలో, కాగుచున్నపుడు, రంగు చెడకుండ కలుపుట వేఱు. ఒక్కొక్క వన్నెకు ఒక్కొక్క తంటా. పసుపు ఎండకు వెలిసిపోవునని మనమెఱుగనిదా?

వారు తాము నేర్చినదానిని గుట్టుగా దాచుకొనక, పద్మావతి అసోసియేట్స్ అను సంఘము ద్వారా గ్రామమందలి పనివారిని కూడగట్టిరి. రంగు మారినంతనే చాలదనియు, క్రొత్త రూపులు కల్పించిననే బేరము నిలుచుననియు వారు గ్రహించిరి. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగమున రాజుగారిని పేర్కొనిరి. 2023లో వారికి పద్మశ్రీ బిరుదము వచ్చెను. 2025 గణతంత్రదినోత్సవమున ఢిల్లీ వీధిలో మన రాష్ట్రపు శకటముపై ఈ బొమ్మలే ఊరేగినవి.

నేటి బాలురకు బొమ్మలకంటె తెరపై నాడు ఆటలే ప్రీతి యందురు. ఆ యాటలను కల్పించినవారిలో మేటియైన జపాను దేశీయుడు షిగెరు మియమోతో పనిచేసిన నింటెండో సంస్థయు 1889లో క్యోటో నగరమున చేతితో పేకముక్కలు చేయుటతో మొదలైనదే. 1986లో వెలువడిన జెల్డా ఆటకు, తాను బాల్యమున కొండలలో, గుహలలో తిరిగిన యనుభవమే మూలమని ఆయన చెప్పియున్నారు. కావున తెరయాటలను నిందించుట మా యభిమతము కాదు. అయినను, ఇంకను కూర్చుండ నేర్వని బిడ్డకు తెరయేల? వానికి పట్టుకొనుటకు, కొఱుకుటకు, నేలకు కొట్టి చప్పుడు వినుటకు వస్తువొకటి కావలెను.

మా కొక్కటియే కష్టముగ నున్నది. ఈ బొమ్మలను కొన్నవారు పలువురు అద్దాల బీరువాలో నుంచి, బిడ్డ ముట్టిన కోపింతురు! వెల హెచ్చని కాబోలు. వెల హెచ్చుటకు కారణము లేకపోలేదు: చెట్టురంగునకు శ్రమ యెక్కువ; అంకుడు కఱ్ఱ యడవులలో నానాటికి కఱవగుచున్నది. నఱికినవానికి బదులు నాటకున్న, రంగులెన్ని కనిపెట్టినను పూయుటకు కఱ్ఱ యుండదు.

కొనునపుడు చెట్టురంగులా, రసాయనములా యని మొగమోటము లేక యడుగవలెను. అంగడిలో రెండును కలిసియుండును. ఇంటికి తెచ్చినపిదప ఎండలో నుంచరాదు. వేడినీటిలోను, సబ్బునీటిలోను నానవేయరాదు. లక్క మెత్తబడి వన్నె చెడును. తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో నద్దిన చాలును.